ఒకటి మిగిలింది

మా ఇంట్లో ఏ వస్తువు విప్పి బిగించినా ఒకటో రెండో మిగులుతాయి. మిక్సీ బాగుచేస్తే ఒక స్క్రూ మిగిలింది. టేబుల్ ఫ్యాన్ బాగుచేస్తే రెండు వాచర్లు, ఒక చిన్న స్ప్రింగు మిగిలాయి. నాన్న వాటిని పాత హార్లిక్స్ సీసాలో వేసి, "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు" అంటారు. మిక్సీ తిరుగుతూనే ఉంది, ఫ్యానూ తిరుగుతోంది. కాబట్టి ఆ మాట తప్పని నిరూపించడానికి అమ్మ దగ్గర ఇంతవరకు ఆధారాలు లేవు.

మేం రాసే ప్రోగ్రాముల్లో ఇలా సాగదు. ఒక వేరియబుల్ పెట్టుకుని ఎక్కడా వాడకపోతే చాలా కంపైలర్లు హెచ్చరిస్తాయి. గో భాషలోనైతే ఫంక్షన్ లోపల వాడని వేరియబుల్ ఒక్కటున్నా అసలు కంపైల్ కాదు, మొండికేసి కూర్చుంటుంది. ఆపరేషన్ థియేటర్లో కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు ప్రకారం, పేషెంటును బయటికి పంపేముందు పరికరాలు, గుడ్డలు, సూదులు లెక్క సరిపోయాయని నర్సు పైకి చెప్పాలి. అక్కడి భయం ఏదైనా లోపల ఉండిపోయిందేమోనని. కారు ఇంజన్ దగ్గర భయం తిరగబడుతుంది, ఏదైనా బయట ఉండిపోయిందేమోనని. పైగా ఇంజన్ కంపైలర్‌లా మొండికెయ్యదు. పెద్దమనిషిలా స్టార్టవుతుంది, నాలుగు రోజులు నడుస్తుంది కూడా. చెప్పాల్సింది ఏదో ఐదొందల కిలోమీటర్ల తర్వాత, హైవే మీద, ఎండలో చెబుతుంది.

మా బండి మారుతి 800, 2004 మోడల్. తాతయ్య కొన్నారు. నాకంటే రెండేళ్ళు పెద్దది. దేశంలో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో, తయారీ ఆపేసింది 2014 జనవరిలో. అంటే నేను రెండో క్లాసులో ఉన్నప్పుడే దీని వంశం ఆగిపోయింది. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి కదా, మేం 2024లో రెండోసారి చేయించాం. అమ్మేద్దాం అని అమ్మ అన్నప్పుడల్లా నాన్న ఆ కాగితం చూపించి "ఇంకా 2029 దాకా టైముంది" అంటారు. కాగితానికి ఉన్న ఆయుష్షు ఇంజనుకు ఉండొద్దా అని అమ్మ.

ఈ వేసవి సెలవుల్లో ఆ అనుమానమే నిజమయ్యేలా కనిపించింది. మాది కంకిపాడు. విజయవాడ వెళ్తుంటే పెనమలూరు దాటేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేవడం మొదలైంది. నాన్న ఏసీ కట్టేసి అద్దాలు దించేవారు. రేడియేటర్లో నీళ్ళు తగ్గేవి కానీ బండి కింద ఒక్క చుక్క కనిపించేది కాదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్లోంచి తెల్లటి పొగ. ఒకరోజు ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే దాని కింద పాలు ఎక్కువైన కాఫీ రంగులో నురగ అంటుకుని ఉంది. నాన్న ఆ నురగను వేలితో తీసి చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అన్నారు, ఎవరో చుట్టం పోయినట్టు.

నాలాంటివాళ్ళ కోసం రెండు మాటలు. ఇంజన్ ఒకే ముద్ద కాదు. కింద సిలిండర్లున్న బ్లాకు, దాని మీద మూతలా హెడ్డు. రెంటి మధ్య పరిచే పలచని రేకులాంటిదే గ్యాస్కెట్. మా బండికి మూడు సిలిండర్లు, అన్నీ కలిపి 796 సీసీ. ఆ పలచని రేకు మూడిటిని ఒకదానితో ఒకటి కలవకుండా ఆపాలి: సిలిండర్లో మండే మంట, ఆయిలు, నీళ్ళు. అది ఎక్కడో ఒకచోట కాలిపోతే నీళ్ళు వెళ్ళి ఆయిల్లో కలుస్తాయి, మంటలోకీ పోతాయి. కాఫీ నురగ, తెల్లపొగ అందుకే.

షెడ్డులో చెప్పిన మొత్తం విని నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనమే విప్పుదాం" అన్నారు. తాతయ్య వ్యవసాయం చేసే రోజుల్లో పొలంలోని డీజిల్ ఇంజను విప్పి బిగించిన అనుభవం ఆయనకుంది. ఆ మాట మావయ్యకు ఫోన్లో చెబితే, "అది నీళ్ళు తోడే ఇంజను బావగారూ, ఇది మనుషులెక్కే బండి" అన్నారట. అంతే, ఇంక నాన్నను ఎవరూ ఆపలేరని మాకు అర్థమైపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ వచ్చే సోమవారం విజయవాడలో తాతయ్యకు కంటి శుక్లాల ఆపరేషన్. "మన బండిలోనే తీసుకెళ్తా నాన్నా" అని మా నాన్న మాటిచ్చేశారు.

నాకు అప్పజెప్పిన పని ఫొటోలు తియ్యడం. ఒక్కో బోల్టు విప్పేముందు ఒకటి, విప్పాక ఒకటి. మొత్తం 212 ఫొటోలు. బోల్టుల్ని మామూలుగా డబ్బాలో పడేస్తే ఏది ఎక్కడిదో తెలీదు కాబట్టి అట్టపెట్టె ముక్క మీద ఇంజను బొమ్మ గీసి, ఏ చోటిది ఆ చోట గుచ్చాం. టైమింగ్ బెల్టు తీసేముందు పైచక్రం మీద గుర్తు, కిందచక్రం మీద గుర్తు రెండూ తిన్నగా ఉన్నప్పుడు ఫొటో తీశాను. నిజం చెప్పొద్దూ, ఇలాంటి క్రమశిక్షణ మా ల్యాబ్ రికార్డుల్లో కూడా లేదు.

హెడ్డు అల్యూమినియంది. బాగా వేడెక్కితే వంకరపోతుంది. దాన్ని ఆటోనగర్‌లో లేత్ పనులు చేసే ఒక మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఇనప స్కేలు అడ్డంగా పెట్టి, కిందినుంచి పలచని రేకులు దూర్చి చూసి, మధ్యలో సందు ఉందని చెప్పి ఫేసింగ్ చేశారు. అంటే అడుగు భాగాన్ని పలచగా చెక్కి చదును చెయ్యడం. మర్నాడు హెడ్డును న్యూస్‌పేపర్లో చుట్టి, పక్కనే ఒక కవరు పెట్టి ఇచ్చారు. ఇంటికి రాగానే నాన్న కవర్లో ఉన్నవన్నీ డీజిల్ ట్రేలో కుమ్మరించారు, మిగతా సామాన్లతోపాటు కడగడానికి.

శనివారం పొద్దున్నుంచి బిగింపు. హెడ్డు బోల్టుల్ని ఇష్టమొచ్చినట్టు బిగించకూడదు. మధ్యలోవి ముందు, తర్వాత చివరలవి, అదీ ఒకేసారి కాకుండా మూడు విడతల్లో. దానికి టార్క్ రెంచి అని వేరే పానా ఉంటుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో అదే చెబుతుంది. అరువు తెచ్చాం. రాత్రి ఎనిమిదింటికి బెల్టు ఎక్కింది, నీళ్ళు పోశాం, కొత్త ఆయిలు పోశాం. నాన్న చేతులు తుడుచుకుని తాళం తేవడానికి లోపలికెళ్ళారు. నేను డీజిల్ ట్రే ఖాళీ చేస్తుంటే అడుగున టంగుమని ఏదో దొర్లింది.

ఒక ఇనప గొట్టం ముక్క. నా చిటికెనవేలి చివరి కణుపంత. లోపల గుల్ల.

ఇది కాకుండా మిగిలినవి ఇంకా ఉన్నాయి, కానీ వాటితో చిక్కు లేదు. గ్యాస్కెట్ కిట్టులో ఒక రబ్బరు రింగు, రెండు రాగి వాచర్లు, ఒక కాగితం గ్యాస్కెట్ మిగిలాయి. ఒకే కిట్టును రకరకాల మోడళ్ళకు సరిపోయేలా అమ్ముతారు కాబట్టి మన బండికి అక్కర్లేనివి అందులో మిగలడం మామూలే. అవి కొత్తవి, మెరుస్తున్నాయి. వాటి విషయంలో "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు" అనేది అక్షరాలా నిజం. ఈ గొట్టం మాత్రం పాతది. అంటే ఇంజన్లోంచే వచ్చింది.

నాన్న తాళంతో వచ్చి దాన్ని లైటు కింద తిప్పి చూశారు. "ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింద రబ్బరు బుష్షులుంటాయి కదమ్మా, వాటి లోపల ఉండే గొట్టం. ఏం కాదు, రేపు పెట్టుకోవచ్చు."

అది నిజమై ఉండొచ్చు. అలాంటి గొట్టాలు నిజంగానే ఉంటాయి. బోల్టు బిగిస్తే రబ్బరు నలిగిపోకుండా మధ్యలో పెడతారు. అది లేకపోయినా మహా అయితే డబ్బా గడగడలాడుతుంది. కానీ అది కాకపోతే? అప్పటికి నాకు ఇంజన్ గురించి తెలిసింది ఒక వారం చదువే. అయినా ఆ ముక్క మీద రాసి ఉన్నంతవరకు చదవొచ్చు కదా అనిపించింది.

లోపలగానీ బయటగానీ మరలు లేవు. కాబట్టి నట్టు కాదు, బోల్టు ముక్కా కాదు. అయస్కాంతానికి అతుక్కుంది. ఉక్కుదే. చుట్టూ గుండ్రంగా గీతలు పడలేదు. అంటే ఇది తిరిగేది కాదు, దీనిలో ఏదీ తిరగలేదు. రెండు చివరలా అంచు కొంచెం ఏటవాలుగా అరగదీసి ఉంది. అంటే రెండు వైపులా దేంట్లోకో దూరడానికి చేసిన వస్తువు. అన్నిటికంటే నన్ను ఆపింది దాని రంగు. సగం పొడవు శుభ్రంగా, బూడిదరంగులో ఉంది. మిగతా సగం మీద తుప్పు మరక చారలా ఉంది. ఒకే గొట్టం, రెండు వేర్వేరు ఇళ్ళలో ఇరవై ఏళ్ళు కాపురం చేసినట్టు. రబ్బరు బుష్షులో ఉండే గొట్టానికి పై నుంచి కింద దాకా రబ్బరే కదా, ఈ సగం సగం ఎందుకు?

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాను. బుష్షులన్నిట్లో గొట్టాలు ఉన్నాయి. ఒక్కటీ తక్కువ లేదు. నాన్న బుష్షులు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, తాళం చొక్కా జేబులో వేసుకున్నారు.

తర్వాత ఫొటోలు. రాత్రి పదకొండు దాకా లాప్‌టాప్‌లో ఒక్కోటి పెద్దది చేసి చూశాను. హెడ్డు ఎత్తేశాక బ్లాకు పైభాగం తీసిన ఫొటో ఒకటుంది. ఒక మూల బోల్టు రంధ్రం చుట్టూ సరిగ్గా ఇలాంటి గొట్టమే కొద్దిగా పైకి లేచి నిలబడి ఉంది. అదీ సంగతి, అనుకున్నాను. కానీ అది ఇప్పుడూ అక్కడే ఉండాలి కదా, మేం దాన్ని తియ్యలేదు. దానికి ఐమూలగా ఉన్న ఇంకో రంధ్రం చూశాను. ఖాళీగా ఉంది కానీ దాని నోరు పక్కవాటికంటే వెడల్పు. ఇంకో నాలుగు ఫొటోల తర్వాత, హెడ్డును గోనెసంచి మీద తిరగేసి పెట్టిన ఫొటో. దాని అడుగున ఆ మూలకే చిన్న నీడ. పెద్దది చేస్తే నీడ కాదు, ఉంగరం. గొట్టం హెడ్డుకు అంటుకుని పైకి వచ్చేసింది! ఒకటి కింద ఉండిపోయింది, ఒకటి పైదానితో వెళ్ళిపోయింది.

ఫొటోలో సైజు కొలవలేం. నీడను చూసి ఇంజన్ విప్పమని నాన్నకు చెప్పడం కష్టం. అప్పుడు పాత గ్యాస్కెట్ గుర్తొచ్చింది. దాన్ని పారెయ్యలేదు, గోడకు ఆనించి ఉంది. టార్చి వేసి చూస్తే బోల్టు రంధ్రాలన్నీ ఒకే సైజు, రెండు తప్ప. ఆ రెండూ ఐమూలగా ఉన్నాయి, కాస్త పెద్దవి. గొట్టాన్ని అందులో పెట్టాను. అటూ ఇటూ కదలకుండా, వేలికి ఉంగరంలా కూర్చుంది.

దీని పని ఏమిటో అప్పుడు అర్థమైంది. బోల్టులు హెడ్డును కిందికి నొక్కిపెడతాయి, అంతే. సరైన చోట కూర్చోబెట్టడం వాటి పని కాదు. బోల్టు తేలిగ్గా దిగాలంటే రంధ్రం దానికంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. ఆ కొంచెంలో హెడ్డు కూడా కొంచెం జరగగలదు. జరక్కుండా రెండు మూలల్లో రెండు గొట్టాలు, సగం బ్లాకులో, సగం హెడ్డులో. గొట్టం మధ్యలోంచే బోల్టు పోతుంది, అందుకే అది గుల్ల. ఒకటి లేకపోతే హెడ్డు రెండోదాని చుట్టూ తలుపులా ఒక వెంట్రుకవాసి తిరగొచ్చు. గ్యాస్కెట్ కూడా దానితో జరుగుతుంది. అప్పుడు సిలిండర్ అంచు చుట్టూ ఉండాల్సిన ఇనప వలయం మంట ఉండే చోటికి పొడుచుకొస్తుంది, లేదా నీళ్ళ దారి సగం మూసుకుపోతుంది.

నాన్న అంతా విన్నారు. "ఒకటి ఉందిగా. అంత బిగించాక ఎక్కడికి జరుగుతుందే?" అన్నారు.

"బిగించకముందే జరిగుంటే?"

ఆయన జవాబు చెప్పలేదు. మళ్ళీ విప్పడమంటే ఏమిటో నాకూ తెలుసు. పోసిన నీళ్ళు దించాలి, బెల్టు తియ్యాలి, ఒక రోజు పని మళ్ళీ చెయ్యాలి. ఒకసారి నొక్కుకున్న గ్యాస్కెట్ రెండోసారి పనికిరాదు కాబట్టి కొత్తది కొనాలి. ఆదివారం షాపు ఉండదు. అంటే సోమవారం ఆపరేషన్‌కు బండి లేదు. మావయ్యకు ఫోన్ చెయ్యాలి. వీటన్నిటిలోకీ ఆ ఆఖరిదే పెద్ద ఖర్చని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. తాళం జేబులోనే ఉంది. ఒక్కసారి తిప్పితే ఇంజను స్టార్టయ్యేది, అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

ఆదివారం పొద్దున్నే లేత్ మేస్త్రి గారికి ఫోన్ చేశారు, స్పీకర్ పెట్టి. ఆయన వెంటనే గుర్తుపట్టారు. "డవల్ అండీ అది. హెడ్డుకు పట్టేసి ఉంది. పైకి పొడుచుకుని ఉంటే ఫేసింగ్‌కి అడ్డం కదా, అందుకే కొట్టి తీసి కవర్లో వేశాను." ఒక్క క్షణం ఆగి, "స్టార్ట్ చేశారా?"

"లేదండీ."

"బతికించారు. చెయ్యకండి."

ఆ మాట ఇంగ్లీషులో డోవెల్ అని రాస్తారని తర్వాత చూశాను. ఆటోనగర్ దాన్ని డవల్ చేసుకుంది. నాన్న మాత్రం గుల్లపిన్ను అంటారు. నాకైతే ఆ పేరే నచ్చింది, చూస్తే ఎలా ఉంటుందో అందులోనే ఉంది.

సోమవారం ఏడింటికి మావయ్య కారు వేసుకుని వచ్చారు. మా బండి బానెట్ ఎత్తి ఉంది, నీళ్ళు దించిన బకెట్టు పక్కనే. "ఏమైంది బావగారూ, అయిపోయిందన్నారు?" అన్నారు. నేను ఏదో ఒకటి చెబుదామనుకునేలోపే నాన్న జేబులోంచి గుల్లపిన్ను తీసి ఆయన అరచేతిలో పెట్టారు. "ఇది మిగిలింది." మావయ్య దాన్ని తిప్పి చూశారు. ఆయన ఏదో అంటారని మేమంతా ఎదురుచూశాం. "ఎంతుంది ఇది, ఇంతేనా!" అని తిరిగిచ్చేశారు. తాతయ్య అప్పటికే వెనక సీట్లో కూర్చుని, ఆలస్యమవుతోందని గొడవ.

ఆపరేషన్ బాగా జరిగింది. వచ్చేటప్పుడు ఆటోనగర్లో ఆగి గ్యాస్కెట్ ఒక్కటే కొన్నారు, మొత్తం కిట్టు అక్కర్లేదుగా.

మంగళవారం హెడ్డు మళ్ళీ పైకి లేచింది. గ్యాస్కెట్ మీద ముద్ర పడి ఉంది. గొట్టం ఉన్న వైపు సిలిండర్ చుట్టూ వలయం సమానంగా కూర్చుంది. లేని వైపు చివరి సిలిండర్ దగ్గర వలయం ఒక పక్క లోపలికి వచ్చింది. గోరు కత్తిరిస్తే రాలే ముక్క ఉంటుందే, అంత వంపు, అంత సన్నం. ఫొటో తీస్తే సరిగ్గా రాలేదు కూడా. నాన్న దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. శనివారం రెండు బోల్టులు తిన్నగా దిగకపోతే హెడ్డును అరచేత్తో కొంచెం నెట్టి దింపానని అప్పుడు చెప్పారు.

గుల్లపిన్నుకు కొంచెం ఆయిల్ రాసి, సుత్తి వెనక చెక్కపిడితో రెండు దెబ్బలు కొడితే బ్లాకులోకి దిగింది, తుప్పు మరక ఉన్న సగం పైకి. ఈసారి హెడ్డు దింపుతుంటే రెండు మూలలా ఒకేసారి టక్కుమంది. నాన్న రెండు చేతులతో అటూ ఇటూ ఊపి చూశారు. కదల్లేదు. నన్నూ ఊపి చూడమన్నారు. బోల్టులన్నీ వేళ్ళతోనే దిగిపోయాయి. ఎక్కడా నెట్టాల్సిన పని రాలేదు.

సాయంత్రం స్టార్ట్ చేశాం. రేడియేటర్ మూత తీసి ఉంచి లోపల బుడగలు వస్తున్నాయేమోనని చూడటం నా డ్యూటీ. మొదట్లో నాలుగు వచ్చాయి, అది లోపల మిగిలిన గాలి అన్నారు. తర్వాత ఆగిపోయాయి. ముల్లు సగం దాకా వచ్చి, ఫ్యాను తిరిగి, కొంచెం దిగి, అక్కడే ఉంది. నాన్న నలభై నిమిషాలు దాన్నే చూస్తూ డ్రైవింగ్ సీట్లో కూర్చున్నారు. అమ్మ టీ కూడా అక్కడికే తెచ్చింది.

వారం తర్వాత తాతయ్యను కంటి చెకప్‌కు మా బండిలోనే తీసుకెళ్ళాం. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. ఇప్పుడు బోర్డులన్నీ కనిపిస్తున్నాయని రోడ్డు పొడుగునా పైకి చదువుతూనే ఉన్నారు. నాన్న ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ముల్లు మీద పెట్టి నడుపుతున్నారు. అద్దాలు దించే ఉన్నాయి. పెనమలూరు దాటాక తాతయ్య, "ఒరే, ఏసీ పాడైందా?" అన్నారు. నాన్న ముల్లు వంక ఇంకోసారి చూసి, అద్దాలెక్కించి ఏసీ వేశారు.